తూకం కర్ర మీద గాట్లు: ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

వానలు ముదరక ముందే అటక సర్దుదామని ఎక్కితే తాత తూకం కర్ర దొరికింది. రెండడుగులకు కాస్త పైన పొడవు. ఒక చివర గుండ్రటి రాయిని ఇనుప పట్టీతో బిగించారు. రెండో చివర కొక్కెం. కర్ర అడుగున వరసగా ఆరు గాట్లు.

మామూలు తక్కెడలో తాడు మధ్యలోనే ఉంటుంది, మనం రాళ్లు మారుస్తాం. ఇది అలా కాదు. రాయి ఎప్పుడూ ఒకటే. కొక్కేనికి సరుకు తగిలించి, తాడును ఒక గాటు నుంచి ఇంకో గాటుకు జరుపుతారు. ఏ గాటు దగ్గర కర్ర అడ్డంగా నిలిస్తే అది తూకం. తాత ఈ కర్ర భుజాన వేసుకుని ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చిన్న రైలెక్కి గుణుపురం వైపు సంతలకు వెళ్లేవాడట. ఆ పట్టాలు గుణుపురం దాకా వేసింది 1931లో. ఇప్పుడు పెద్ద లైను అయిపోయింది కానీ నాన్న నోట ఇంకా "చిన్న రైలు" అనే వస్తుంది. సంతలో కొండల మీది సవరలు తెచ్చిన చింతపండు, కొండ చీపుళ్లు కొని ఇక్కడ అమ్మడం తాత వ్యాపారం.

సాయంత్రం ట్యూషన్‌కి వచ్చిన పిల్లలు కర్ర చుట్టూ చేరారు. తొమ్మిదో తరగతి చదివే ఒకడు గాట్ల మధ్య వేలు పెట్టి చూసి, "టీచర్, ఈ గాట్లు సమానంగా లేవు. కొక్కెం వైపు దగ్గరదగ్గరగా ఉన్నాయి. మీ తాత మోసం చేసేవారా?" అన్నాడు. వాడు మంచి మనసుతోనే అడిగాడు. లోపల మంచం మీద నాన్న విన్నాడు, ఏమీ అనలేదు. నాకు మాత్రం రాత్రంతా అదే ఆలోచన.

ఇలాంటి కర్ర ఒకటి మేమే చేస్తాం. గాట్లు ఎక్కడ పడాలో లెక్క కట్టి పెడతాం. ఆ తర్వాతే తాత కర్ర జోలికి వెళ్తాం.

సోమవారం

వడ్రంగి బాబాయ్ దగ్గర టేకు ముక్క దొరికింది. "ఏటమ్మా, కిరాణా కొట్టు పెడతన్నావా ఏటి?" అని నవ్వి, నాలుగు వైపులా చిత్రిక పట్టి ఇచ్చాడు. ముక్క మొదలూ చివరా ఒకే మందం ఉండాలని రెండుసార్లు చెప్పాను. అప్పుడే కర్ర బరువంతా సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు లెక్కలో పెట్టుకోవచ్చు. వెదురుకు ఆ వీలు లేదు, మొదలు లావు, కొస సన్నం.

వంటింటి డిజిటల్ కాటా మీద అన్నీ తూచాం:

కర్ర: 80 సెంటీమీటర్లు, 320 గ్రాములు.
కొక్కెం, గొలుసులు, పళ్లెం కలిపి: 200 గ్రాములు.
రాయికి బదులు ఇనుప కడ్డీ ముక్కలు, తీగతో కట్టగా చుట్టి: సరిగ్గా 1,000 గ్రాములు.

మంగళవారం

ఈ రోజంతా సమీకరణం రాయడానికే సరిపోయింది. మా పిల్లలు బడిలో ఒడియాలో చదువుతారు, ఇంట్లో తెలుగు. లెక్కల్లో చాలా మాటలు రెండు చోట్లా వేరువేరు. సమీకరణం మాత్రం అక్కడా ఇక్కడా సమీకరణమే. ఆ మాట పలికినప్పుడు వాళ్ల ముఖాల్లో కాస్త ధైర్యం కనిపిస్తుంది.

తెలియనిదానికి ఏ అక్షరం పెట్టాలో కాసేపు మాట్లాడుకున్నాం. మన పాత బీజగణితంలో తెలియని రాశిని "యావత్ తావత్" అనేవారు. ఎంత అయితే అంత అని. రాసేటప్పుడు "యా" అని పొట్టిగా రాసేవారు. మేమూ "య" పెట్టుకున్నాం. కొక్కెం నుంచి తాడు దాకా దూరం య. పళ్లెంలో పెట్టే సరుకు బరువు బ. గ్రాములు, సెంటీమీటర్లు.

ఆర్కిమిడీస్ చెప్పిన మీట సూత్రం ఒక్కటి చాలు: తాడుకు ఇటువైపు "బరువు ఇంటు దూరం", అటువైపు "బరువు ఇంటు దూరం" సమానమైతే కర్ర నిలుస్తుంది.

కొక్కెం వైపు సరుకు, పళ్లెం ఉన్నాయి. రెండూ తాడుకు య దూరంలో. కట్ట వైపు ఇనుము 80 − య దూరంలో. కర్ర సొంత బరువు నడిమధ్యన, అంటే 40 − య దూరంలో.

(బ + 200) × య = 320 × (40 − య) + 1000 × (80 − య)

"య 40 కంటే ఎక్కువైతే?" అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. అప్పుడు కర్ర మధ్యభాగం తాడుకు కొక్కెం వైపు వచ్చేస్తుంది కదా, దాన్ని ఎడమ పక్కకు మార్చాలా అని ఆమె సందేహం. మార్చక్కర్లేదు. య 61 అనుకుంటే 40 − 61 అంటే −21. కుడి పక్కన −21 రెట్లు ఉన్నా, ఎడమ పక్కన +21 రెట్లు ఉన్నా లెక్క ఒకటే. ఆ గుర్తే మన తరఫున పక్క మార్చేస్తుంది. ఇంత మంచి ప్రశ్న నాకు చాలా రోజులుగా ఎవరూ వేయలేదు.

బుధవారం

ఇప్పుడు య ఒక్కటే ఒక పక్కకు రావాలి. కుడి పక్క కుండలీకరణాలు విప్పితే:

(బ + 200) × య = 92800 − 1320య

ఇక్కడే పడ్డాం. ముందు బెంచీలోని కుర్రాడు −1320యని "అటు పంపేశాడు", గుర్తు మార్చడం మరిచాడు. వాడికి వచ్చింది (బ − 1120) × య = 92800. నేను తప్పని చెప్పలేదు. "రెండు కిలోలకు గాటు ఎక్కడ పెట్టాలో చెప్పు" అన్నాను. 92800ని 880తో భాగించాడు. 105 వచ్చింది. కర్ర పొడవు 80. వాడు టేపు పట్టుకుని కర్ర చివర దాటి గాలిలో 105 దగ్గర వేలు పెట్టి, అలాగే నిలబడిపోయాడు. తర్వాత తనే వచ్చి నోటుబుక్కులో ఆ లైను కొట్టేశాడు.

ఈ తప్పు పిల్లలది కాదు, మనం నేర్పే మాటది అని నా నమ్మకం. పుస్తకంలో పక్షాంతరం అంటారు. మనం "ఇటునుంచి అటు పంపితే గుర్తు మారుతుంది" అంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారు మాష్టారుగా పనిచేసిన ఊరు మాది, వాడుక మాటలో పాఠం చెప్పడం మీద నాకు గౌరవం. కానీ ఈ ఒక్క వాడుక మాట జరిగేదాన్ని దాచేస్తోంది. సమీకరణంలో ఏదీ ఎటూ పోదు. రెండు పక్కలా 1320య కలుపుతాం. కుడి పక్క −1320య, +1320య కలిసి సున్నా అవుతాయి. ఎడమ పక్క 1320య మిగులుతుంది. అంతే. ఈ వారం "పంపడం" అనే మాట మా వరండాలో వాడకూడదని అందరం ఒప్పుకున్నాం. "రెండు పక్కలా ఏం చేశావు?" అనే అడగాలి.

(బ + 200) × య + 1320య = 92800

ఎడమ పక్క రెండు ముక్కల్లోనూ య ఉంది. దాన్ని బయటికి తీస్తే:

(బ + 1520) × య = 92800

రెండు పక్కలనూ బ + 1520తో భాగిస్తే:

య = 92800 ÷ (బ + 1520)

భాగించేది సున్నా కాకూడదు. సరుకు బరువు సున్నా కంటే తగ్గదు కాబట్టి ఆ భయం లేదు.

"జవాబు ఏది టీచర్? ఇంకా బ ఉంది కదా" అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అడిగారు. జవాబంటే ఒక అంకె అని ఇన్నాళ్లూ అలవాటైంది. ఇది ఒక బరువుకు జవాబు కాదు, అన్ని బరువులకూ జవాబు అని చెప్పాను. బ స్థానంలో 500 పెట్టు, 1000 పెట్టు, ఒక్కో గాటు వస్తుంది.

628లో బ్రహ్మగుప్తుడు రాసిన నియమం కూడా చూపించాను. రెండు పక్కలా అవ్యక్తం, అంటే తెలియని రాశి, ఉన్నప్పుడు, తెలిసిన అంకెల తేడాను అవ్యక్తాల గుణకాల, అంటే వాటి ముందున్న అంకెల, తేడాతో భాగించమన్నాడు. బ 1000 అయితే మన గుణకాలు 1200, −1320. వాటి తేడా 2520. తెలిసిన అంకె 92800. య 36.8. పద్నాలుగు వందల ఏళ్ల నాటి నియమం మా టేకు కర్ర మీద సరిగ్గా కూర్చుంది. ధనం, ఋణం అని సంపద, అప్పు మాటల్లో గుర్తుల నియమాలు చెప్పింది కూడా ఆయనే. ధన సంఖ్య, ఋణ సంఖ్య అని మనం ఇప్పటికీ అంటున్నాం.

వెళ్లేముందు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక మాట అంది: "1520 అంటే కర్ర, పళ్లెం, ఇనుము అన్నీ కలిపిన బరువు కదా టీచర్." కూడి చూస్తే అవును, 200 + 320 + 1000. నేను గమనించనే లేదు. డైరీలో అడుగున గీత గీశాను.

రథయాత్ర సెలవు

పొద్దున రథం చూసి వచ్చి, మధ్యాహ్నం కర్రను దూలానికి వేలాడదీశాం. ముందు ఖాళీ పళ్లెంతో. బ సున్నా కాబట్టి య = 92800 ÷ 1520, అంటే 61.1 రావాలి. తాడును 61.1 దగ్గర పెట్టాం. కొక్కెం వైపు పడిపోయింది. మెల్లగా జరుపుతూ పోతే 59.1 దగ్గర నిలిచింది. రెండు సెంటీమీటర్ల తేడా.

టెన్షన్ పడ్డాను. పిల్లల ముందు లెక్క తప్పితే వాళ్లకు సమీకరణం మీద నమ్మకం పోతుంది. మళ్లీ తూచాం, బరువులన్నీ సరిపోయాయి. మళ్లీ కొలిచాం, పొడవు 80 సెంటీలే. సమీకరణం మొదటి లైను నుంచి మళ్లీ చేశాం, అదీ సరిగ్గానే ఉంది.

శుక్రవారం

రాత్రి పడుకోబోతుంటే తట్టింది. ఇన్నాళ్లూ య తెలియదు, మిగతావి తెలుసు అనుకున్నాం. ఇప్పుడు య చేతిలో ఉంది: 59.1. అయితే నేను నమ్మని అంకె ఒకటి ఎంచుకుని దాన్నే తెలియనిది చేస్తే? సమీకరణం అదే. ఎవరి కోసం సాధిస్తున్నామో అదే మారుతుంది.

అనుమానం ఇనుప కట్ట మీద. అది చివరకు 80 దగ్గర ఉందని రాసుకున్నాం. దాని స్థానం "చ" అనుకుందాం.

200 × 59.1 = 320 × (40 − 59.1) + 1000 × (చ − 59.1)

య ఉన్న ముక్కలన్నీ ఒక పక్కకు చేరిస్తే 1520 × 59.1 = 12800 + 1000చ. అంటే 89832 = 12800 + 1000చ. రెండు పక్కలా 12800 తీసేస్తే 77032 = 1000చ. చ = 77.03.

పొద్దున్నే పిల్లలను పిలిచి కట్టను కొలవమన్నాను. కడ్డీ ముక్కలు 6 సెంటీమీటర్ల పొడవు. కట్ట చివర కర్ర చివరతో సమానంగా ఉంది. అంటే దాని నడిమి సరిగ్గా 3 సెంటీమీటర్లు లోపల. 77. ముందు బెంచీ కుర్రాడు స్కేలు చేతిలో పట్టుకుని "లెక్కకు ఎలా తెలిసింది టీచర్?" అన్నాడు. వాడి గొంతు ఇంకా నా చెవిలో ఉంది.

80కి బదులు 77 పెడితే కుడి పక్క 12800 + 77000, అంటే 89800. మా కొత్త సూత్రం:

య = 89800 ÷ (బ + 1520)

శనివారం

గాట్లు పెట్టే రోజు. పలక మీద రాసుకున్నవి ఇవి:

ఖాళీ పళ్లెం: 59.1
అరకిలో: 44.5
కిలో: 35.6
కిలోన్నర: 29.7
రెండు కిలోలు: 25.5
మూడు కిలోలు: 19.9

సున్నా నుంచి అరకిలోకు దాదాపు 14.6 సెంటీలు జరగాలి. అరకిలో నుంచి కిలోకు 8.8. కిలో నుంచి కిలోన్నరకు 5.9. బరువు సమానంగా పెరుగుతున్నా దూరం కుంచించుకుపోతోంది, ఎందుకంటే బ భాగహారంలో కింద ఉంది. ఈ అంకెలు చదివాక తాత కర్ర గురించి అడిగిన పిల్లాడు గోడకు ఆనించిన పాత కర్ర వైపు చూశాడు. నేనూ చూశాను. ఎవరం ఏమీ అనలేదు.

బాబాయ్ చిన్న ఉలితో గాట్లు కొట్టి ఇచ్చాడు. కిలో బియ్యం పెడితే కిలో గాటు దగ్గర నిలిచింది. రెండు కిలోలకూ నిలిచింది.

ఆదివారం

గాట్ల మధ్య పడే బరువులు చదవాలంటే అదే సమీకరణాన్ని బ కోసం సాధించాలి. (బ + 1520) × య = 89800. రెండు పక్కలా యతో భాగించి, 1520 తీసేస్తే:

బ = 89800 ÷ య − 1520

చింతపండు మూట కట్టి వేలాడదీశాం. 31.4 దగ్గర నిలిచింది. లెక్కకు 1,340 గ్రాములు. వంటింటి కాటా 1,346 చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఒక హెచ్చరిక, ఇలాంటిది చేసుకునేవాళ్లకు. 50 సెంటీల దగ్గర ఒక మిల్లీమీటరు తప్పు చదివితే పోయేది 4 గ్రాముల లోపే. 20 దగ్గర అదే మిల్లీమీటరుకు 22 గ్రాములు పోతాయి. బరువు సరుకుకు ఈ కర్ర మోటు.

మోసం సంగతీ లెక్క కట్టాం, అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి కాబట్టి. గాట్లు అలాగే ఉంచి, కట్టలో గుట్టుగా 100 గ్రాముల ఇనుము కలిపితే? 12800 + 1100 × 77 = 97500, కింద 1620. రెండు కిలోల గాటు దగ్గర, అంటే 25.51 దగ్గర, కర్ర నిలవాలంటే నిజంగా ఉండాల్సిన సరుకు 2,202 గ్రాములు. అమ్మినవాడికి 202 గ్రాములు దండగ. గాట్లు చూస్తే ఏమీ తెలియదు. కొండ దిగి పది మైళ్లు మోసుకొచ్చిన మనిషి గంపలోంచి అలా పోతుంది. ఈ అంకె చెబుతున్నప్పుడు నా గొంతు మామూలుగా లేదు. మోసం రాయిలో దాగొచ్చు, గాట్ల ఎడం సమానంగా లేకపోవడం మాత్రం మోసం కాదు.

ఆఖరి రోజు

తాత కర్ర. కొక్కెం నుంచి ఆరు గాట్లూ కొలిచాం: 48.0, 33.1, 25.3, 20.4, 17.1, 14.8. మొదటిది ఖాళీ కొక్కేనికి. మిగతావి ఒకటి, రెండు, మూడు అని లెక్క. ఒకటి అంటే ఎంతో మాకు తెలియదు. కర్ర విప్పలేం, రాయి విడిగా తూచలేం.

సూత్రాన్ని తిరగేశాం. యని అలాగే చూసే బదులు 1ని యతో భాగిస్తే, బ పైకి వస్తుంది. అప్పుడు బరువు ఒక్కొక్కటి పెరిగినప్పుడల్లా ఆ భాగఫలమూ సమానంగా పెరగాలి. చిన్న దశాంశాలు ఎందుకని 1000ని గాటు దూరాలతో భాగించాం: 20.8, 30.2, 39.5, 49.0, 58.5, 67.6. తేడాలు 9.4, 9.3, 9.5, 9.5, 9.1. కంటికి అడ్డదిడ్డంగా ఉన్న గాట్లు వరసలో నిలబడ్డాయి.

ఎనిమిదో తరగతి అమ్మాయి తన 1520ని గుర్తు చేసింది. మొదటి అంకె 20.8 అంటే కర్ర, రాయి, కొక్కెం మొత్తం బరువు వల్ల వచ్చింది. ఒక్కో మెట్టు సగటున 9.35. 20.83ని 9.35తో భాగిస్తే 2.23. అంటే ఈ కర్ర మొత్తం బరువు తాత కొలమానంలో 2.23 ఉండాలి. మొత్తం కర్రను కాటా మీద పెట్టాం: 3,090 గ్రాములు. 3090ని 2.23తో భాగిస్తే 1,386.

"వీశె" అన్నాడు నాన్న, మంచం మీద నుంచే. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1,400 గ్రాములు. 1958లో కిలోలు రావడానికి ముందు సంతల్లో వీశెలు నడిచాయి. గాటు వెడల్పే 2 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ 14 గ్రాముల తేడా గురించి నేను ఏమీ చెప్పను.

కాగితం మీద సరిపోయింది. కర్ర మీద కూడా చూడాలన్నారు పిల్లలు. 1,400 గ్రాముల చింతపండు మూట కొక్కేనికి తగిలించి, తాడును రెండో గాట్లో పెట్టి ఎత్తాను. కర్ర కాస్త ఊగి, అడ్డంగా నిలిచింది. మోసమా అని అడిగిన పిల్లాడు వంగి గాటునే చూస్తున్నాడు. నాన్న లేచి వచ్చి, నా చేతిలోంచి తాడు తీసుకుని తనే పట్టుకున్నాడు. చాలాసేపు దించలేదు.

"రెండు వీశెలు కట్టు" అన్నాడు.